మరియు మీద పగ

మా ఆవిడకి ఈ లోకంలో ఒక్కటే శత్రువు. అది నేను కాదు, మా అమ్మ కూడా కాదు. 'మరియు' అనే మాట. ఇరవై ఆరేళ్లు అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. తెలుగు వాక్యంలో మరియుకి చోటే లేదనీ, 'అక్కా తమ్ముడూ' అంటే చక్కగా సరిపోయేచోట 'అక్క మరియు తమ్ముడు' అని రాసేవాడికి నాలుకే లేదనీ ఆవిడ వాదన. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే పెళ్లి ఎప్పుడో చూడదు, మరియు ఎన్నిసార్లు వచ్చిందో చూస్తుంది. నా మందు సీసా మీది కాగితం కూడా ఒకసారి దిద్దిపెట్టింది. ఆ ఎర్ర గీతల కింద రోజుకెన్నిసార్లు వేసుకోవాలో కనపడక రెండు మోతాదులు ఎక్కువ మింగాను.

ఆ ప్రెస్సువాళ్లు దిద్దే పని కంప్యూటరుకి అప్పజెప్పి ఈవిణ్ని పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపించారు. పూలగుత్తితో వచ్చిన కార్డులో రెండు తప్పులున్నాయి. వాటిని దిద్ది వాపసు పంపింది. ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. వంట చేసేది గాని తినేది కాదు. టీవీలో అడుగున పరిగెత్తే అక్షరాలు చూస్తూ పళ్లు నూరేది. "నా కళ్లతో ఇంక ఎవరికీ పని లేదండీ" అని ఒకనాడు మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఇంజను మొరాయిస్తే విప్పి చూడటం వచ్చు నాకు, ఇలాంటివాటికి ఎక్కడ స్పానరు పెట్టాలో తెలీదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను మా బావమరిది పందెం కార్ల జట్టులో హెడ్ మెకానిక్‌ని. బావమరిది అంటే ఈవిడ తమ్ముడే, ఆరేళ్లు చిన్న. పోటీలో ఉండేది ఎనిమిది జట్లు. మాది ఏడోదో ఎనిమిదోదో, ఆ రోజు ఎవరి ఇంజను ముందు కాలిపోతే దాన్నిబట్టి. కారు గీసే డిజైనరు ఒకాయన ఉండేవాడు. గాలి శాస్త్రం చదువుకున్నాడు. కాఫీ చల్లారిందేమిటని అడిగినా గాలి గురించే చెప్పేవాడు. వెనకాల గాలిగారు అని పిలుచుకునేవాళ్లం. ఓడిపోయిన ప్రతిసారీ ఆయనా మా బావమరిదీ గదిలో తలుపేసుకుని తప్పంతా టైర్లదని తేల్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఈవిడ షెడ్డుకొచ్చింది. పనిముట్ల బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద పందేల నియమావళి పుస్తకం పెట్టి ఉంది, రెండు వందల పన్నెండు పేజీలు. బల్ల కింద పుస్తకం నలుగుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు కదా, వంగి లాగేసింది. బల్ల ఒరిగి స్పానర్లన్నీ నేలమీద పడ్డాయి. ఈవిడకి అదేం పట్టలేదు. టైర్ల దొంతర మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మర్నాడూ వచ్చి చదివింది. మూడోరోజు తిన్నగా తమ్ముడి గదిలోకి వెళ్లింది.

"ఎనభై ఎనిమిదో పేజీలో తప్పుందిరా. బండి అడుక్కీ నేలకీ మధ్య ఆరు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలన్నారు. బండి ఆగి ఉన్నప్పుడు అన్నారు. నడిచేటప్పటి మాట రాయడం మర్చిపోయారు పాపం. ఒక ఉత్తరం రాసి చెప్దాం."

గాలిగారికి కూడా గాలి గుర్తురాలేదు. కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటే నేలని అంత గట్టిగా పట్టుకుంటుంది, మలుపుల్లో అంత వేగంగా తిరుగుతుంది. అందుకే ఆ ఆరు సెంటీమీటర్ల నియమం. ఆగినప్పుడు బుద్ధిగా లేచి నిలబడి, పరిగెత్తేటప్పుడు చతికిలబడే కారు చేస్తే ఏ అధికారీ వేలెత్తి చూపలేడు. అంతమంది చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఆ పుస్తకాన్ని బల్ల కాలికింద పెట్టి టైర్లని తిట్టుకున్నారు.

మా బావమరిది రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఆ ఉత్తరం రాయకు."

తప్పు కళ్లబడ్డాక వదిలెయ్యడం ఆవిడ జన్మలో అదే మొదలు. వారం రోజులు ముద్ద దిగలేదు. కాని తమ్ముడు షెడ్డులో ఒక మూల బల్లా, కుర్చీ, దీపం ఏర్పాటు చేసి 'నియమావళి విభాగం' అని బోర్డు పెట్టించాడు. ఆ కుర్చీని ఈవిడ తన చీర చెంగుతో తుడుచుకోవడం నేను చూశాను. మర్నాటినుంచి నాకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడి, ఇంకా ఎంతసేపండీ అని నన్ను కసిరేది. తిండి కూడా సరిపడా తినేది. మా ఇంటికి ప్రాణం తెచ్చింది ఆ కుర్చీయే.

చతికిలబడే ఏర్పాటు నేనే చేశాను. వరసగా నాలుగు పందేలు గెలిచాం. మా బావమరిది వేదికెక్కి మాట్లాడాడు. దూరదృష్టి అన్నాడు, ఆరుసార్లు అన్నాడు. గాలిగారి మేధస్సుకి, టైర్లవాళ్లకి, డ్రైవరుని కన్నతల్లికి, ఎండలో డ్రైవరుకి గొడుగు పట్టినవాడికి, ఆఖరికి నాకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. అక్క ఊసు లేదు. వెనక వరసలో కూర్చున్న ఆవిడ నా చెవిలో, "ఉపన్యాసంలో పదకొండు మరియులు" అంది, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇక పక్క జట్లవాళ్లకి నిద్రాహారాలు పోయాయి. మా కారు చుట్టూ కెమెరాలు పట్టుకుని తిరిగారు. ఒక జట్టు రంగులోనే ఏదో మహిమ ఉందని తమ కారుకి మా రంగు వేయించింది. నాకు తమాషా పుట్టి, డ్రైవరు సీటు పక్కన ఖాళీ రేకు డబ్బా ఒకటి బిగించి, పైన నూనె గుడ్డ కప్పాను. ఎవరైనా చూస్తున్నారనగానే గుడ్డ ఒక మూల ఎత్తి లోపలికి చూసి తల పంకించేవాణ్ని. నెల తిరక్కుండా రెండో స్థానంలో ఉన్న జట్టు కూడా డబ్బా పెట్టింది, గుడ్డతో సహా. గుడ్డ మీద మరకలు కూడా పెట్టుకున్నారు, నా మీద ఒట్టు.

కాని ఎవడో ఒకడు బూటు లేసు కట్టుకోవడానికి వంగుతాడు కదా. వంగినవాడికి మా కారు ఆగుతూ ఆగుతూ పైకి లేవడం కనపడింది. అంతే సంగతులు. రెండు నెలల్లో ఎనిమిది జట్ల కార్లూ చతికిలబడటం నేర్చుకున్నాయి. మా కంటే మంచి ఇంజన్లున్నవాళ్లు మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. మేం ఐదో స్థానానికి జారాం. మా బావమరిది దూరదృష్టి గురించి మాట్లాడటం మానేసి రోజుకి రెండుసార్లు అక్క బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఇంకోటేదైనా దొరికిందా అక్కా అని.

దొరికింది. మరుసటి ఏడాది నియమాల ముసాయిదా అన్ని జట్లకీ పంపారు. కారు బరువు ఆరు వందల కిలోలకి తగ్గకూడదన్న నియమం దగ్గర, ముప్ఫై ఒకటో పేజీలో, ఇలా ఉంది: 'పందేనికి ముందు మరియు బండిని తూచవలెను.' ఈవిడ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తమ్ముడికి చూపించింది. తరువాత అనే మాట మింగేసి, దిక్కుమాలిన మరియుని మాత్రం వదిలేశారని ఆవిడ బాధ. తమ్ముడికి బాధ లేదు సరికదా పండగైపోయింది. ముందు మాత్రమే తూస్తారు. అంటే యాభై కిలోల నీళ్లు పోసుకుని తూకానికి నిలబడొచ్చు, ఆనక బ్రేకులు చల్లబరిచే వంకతో రెండో చుట్టుకల్లా పారబోసి తేలిగ్గా పరిగెత్తొచ్చు.

ఎవరికీ చెప్పనని అక్క చేత ఒట్టు పెట్టించుకున్నాడు. "నా కుర్చీ ఇక్కడుంది కాబట్టి సరే" అంది ఆవిడ.

ఆ చలికాలమంతా నీళ్ల ట్యాంకు చుట్టూ కారు కట్టాం. మామూలు కారుకి ట్యాంకు తగిలించడం కాదు, మొదటి బోల్టునుంచి ఆ యాభై కిలోల తేలికని నమ్ముకునే కట్టాం. నా నడుం పోయింది. ఇది కుదరకపోతే ఏమిటని అడిగితే, కుదరకపోవడం అనేది లేదు బావా అని భుజం తట్టాడు మా వాడు.

సరిగ్గా అప్పుడు నియమావళి కార్యాలయం నుంచి ఒక కట్ట వచ్చింది. పైన 'చివరి ప్రూఫు' అని ఉంది. అచ్చుతప్పులుంటే పది రోజుల్లో తెలపమన్నారు. నియమాలకి సంబంధించిన కాగితం కాబట్టి మా జట్టు గుమస్తా దాన్ని ఈవిడ బల్లమీద పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రూఫు చదివేటప్పుడు అర్థం చదవకూడదని వాళ్ల వృత్తిలో ఒక పద్ధతి. అర్థంలో పడితే అక్షరం జారిపోతుందట. అందుకని ఈవిడ వాక్యం కింద ఉక్కు స్కేలు పెట్టి, కిందిదంతా కప్పేసి, ఒక్కో వరసే చూస్తుంది. ఒక డిటెక్టివ్ నవలని మూడుసార్లు ప్రూఫు చూసింది, హంతకుడెవరో ఇప్పటికీ తెలీదు. నియమం చదివే మనిషి వేరు, ప్రూఫు చదివే మనిషి వేరు. ఇద్దరూ ఆ ఒక్క కుర్చీలోనే కూర్చుంటారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. 'ప్రూఫు' అన్న మాట కంటబడగానే ఆవిడ చేతిలోకి ఎర్ర కలం వచ్చేసింది.

నాలుగు రోజులు దిద్దింది. దిద్దుతూ ఏదో పాట కూనిరాగం తీసింది. ప్రెస్సు వదిలాక ఆ గొంతు నేను వినలేదు. నూట నలభై మూడు తప్పులు పట్టింది. ఆఖరి పేజీలో 'చూశాను' అని రాసి పొట్టి సంతకం పెట్టి, అతికించి పోస్టులో వెయ్యమని కవరు నాకిచ్చింది.

పందేలకి మూడు వారాల ముందు అచ్చయిన పుస్తకం వచ్చింది. మా బావమరిది ముప్ఫై ఒకటో పేజీ తీశాడు. 'పందేనికి ముందూ తరువాతా బండిని తూచవలెను.' మరియు ఎగిరిపోయింది, దాని చోట రెండు దీర్ఘాలు చక్కగా కూర్చున్నాయి. పుస్తకం చివర, ప్రూఫులు శ్రద్ధగా దిద్దిపెట్టినందుకు కృతజ్ఞతలంటూ ఈవిడ పేరు, ఇంటిపేరుతో సహా అచ్చువేశారు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని వందల పుస్తకాలు దిద్దిందో, ఆవిడ పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి. రెండుసార్లు చదువుకుంది, నవ్వింది, తర్వాత తమ్ముడి మొహం చూసింది.

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. "ఒట్టు పెట్టావు కదక్కా" అన్నాడు.

"నేనెవరికీ చెప్పలేదురా. ప్రూఫు దిద్దానంతే" అంది. అన్నాక ఆ మాట తనకే అర్థమైంది. కుర్చీలో కూలబడింది. సాయంత్రానికి ఆ కుర్చీ తీసేశారు, బల్లమీద హెల్మెట్లు పెట్టారు, బోర్డు ఊడదీశారు. రేపట్నుంచి రావద్దని చెప్పే ధైర్యం తమ్ముడికి లేక ఆ పని గుమస్తా చేత చేయించాడు.

ఆ ఏడాది మేం ఎనిమిదో స్థానం. తమాషా ఏమిటంటే, మాకొక్కరికే తెలుసనుకున్న రహస్యంతో ఇంకో మూడు జట్లు కూడా ట్యాంకులు కట్టుకుని మాలాగే మునిగాయి. గెలిచింది ఎవరయ్యా అంటే, అంతకుముందు ఏడాది అందరికంటే ఆఖరున వచ్చిన జట్టు. వాళ్లు ముసాయిదా విప్పనే లేదు. మామూలు కారు కట్టి మామూలుగా తోలారు. వాళ్ల యజమాని వేదికెక్కి దూరదృష్టి అన్నాడు.

ఈవిడ మళ్లీ టీవీ ముందు కూర్చుంది. ఈసారి పళ్లు నూరటం కూడా లేదు. అక్షరాలు తప్పుగా పరిగెత్తుతున్నా అలాగే చూస్తూ ఉంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ, "మీరైనా ఆ కవరు అతికించేముందు ఒకసారి చూడాల్సిందండీ" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "చూశాను" అన్నాను.

చూశాను మరి. నా నడుం విరగ్గొట్టిన ట్యాంకు కదా, ఆ పేజీ ఎలా ఉందో చూద్దామని కవరులోంచి తీశాను. మరియు మీద రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా, పక్కన 'ముందూ తరువాతా' అని. మళ్లీ లోపల పెట్టి అతికించాను. ఎందుకంటే, ఆ తప్పు తన చేత్తో మళ్లీ పెట్టమంటే వారం రోజులు అన్నం మానేస్తుంది, అది నేను చూడలేను. అది సగం. రెండో సగం, వేదిక మీద గొడుగువాడి పేరు చెప్పి అక్క పేరు మింగినవాడి మొహం ఎలా మారుతుందో చూడాలన్న కచ్చ. చలికాలమంతా ఆ కారు కట్టిన జట్టులోని నలభైమంది పని ఏమవుతుందన్నది కూడా తలపుకొచ్చింది, పక్కకి నెట్టేశాను. ఇదంతా ఆవిడకి వరసగా చెప్పాను. నీ తరఫునే కోపం తెచ్చుకున్నానని కూడా అన్నాను.

ఆవిడ విన్నది. నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"నా కుర్చీ పోతుందని అనుకోలేదా?"

అనుకోలేదు. ఆవిడ తిండి గురించి అనుకున్నాను, వాడి పొగరు గురించి అనుకున్నాను, నా నడుం గురించి కూడా అనుకున్నాను. కుర్చీ నాకు గుర్తే రాలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే వాడూ మీరూ ఒకటే" అని, కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.