పిన్ని పెట్టిన కొరివికారం

పిన్ని ఫోన్ చేసేసరికి నా నోట్లో రెండో ముద్ద ఉంది.

"కొరివికారం తిన్నావా?" అంది. ఎలా ఉన్నావని లేదు, పిల్లలేం చేస్తున్నారని లేదు.

"తింటున్నా. వేడన్నంలో నెయ్యేసుకుని. ఏం?"

"ఊసెయ్యి. ఊసేసి నోరు కడుక్కో. మళ్ళీ చేస్తా," అని పెట్టేసింది.

నేను పుట్టు పిరికిదాన్ని. కాలేజీ ఆఫీసులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా, ప్రిన్సిపాల్ గదిలో బెల్లు మోగితే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. అలాంటిదాన్ని పట్టుకుని ఊసెయ్యమంటే ఇంకేముంది? ఊశాను, పుక్కిలించాను, అద్దం ముందు నిలబడి నాలిక చాపి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. కొరివికారం తిన్న నాలిక ఎర్రగా కాక పచ్చగా ఉంటుందా అన్న తెలివి ఆ నిమిషాన రాలేదు. చచ్చిపోతానేమో అనుకున్నాను. పిల్లలు లేచేలోపు జాడీ తీసి అటక మీద పెట్టాను.

రెండోసారి ఫోన్‌లో పిన్ని ఏడుస్తూ చెప్పింది. పిన్నంటే మా అమ్మ చెల్లెలు. బాబాయి పోయాక మా గుంటూరుకి గంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఎకరన్నర మిరపతోట ఒక్కతే చూసుకుంటోంది. ఏటా తోటలో పండుకాయ రాగానే కోసి, తొడిమలు తీసి, చింతపండూ ఉప్పూ వేసి రోట్లో తొక్కి, అయినవాళ్లందరికీ పంచుతుంది. ఈసారీ పంచింది. పక్కింటికి కూడా ఇచ్చింది. ఆ ఇంటి కోడలు ముందురోజు మధ్యాహ్నం ఆ పచ్చడితో అన్నం తిని, గంట తిరక్కుండానే పిచ్చి చూపులు చూస్తూ పడిపోయింది. ఊరి డాక్టరు చూసి పురుగుమందే అన్నాడు. ఆమెను గుంటూరు పెద్దాసుపత్రికి తెచ్చారు. అత్తగారు వీధిలో నిలబడి, గట్టు తగాదా కడుపులో పెట్టుకుని పిన్నే పచ్చడిలో పురుగుమందు కలిపి పెట్టిందని శాపనార్థాలు పెడుతోంది.

"కానిస్టేబులొచ్చి జాడీ పట్టుకెళ్లాడే. సాయంత్రం స్టేషనుకి రమ్మన్నాడు. ఆ పిల్లకేమన్నా అయితే నేనింక ఇంటికి రాను కదా?" అంది పిన్ని.

గట్టు తగాదా అబద్ధం కాదు. ట్రాక్టరుతో దున్నించినప్పుడు పక్కింటివాళ్లు మా పిన్ని గట్టు కాస్త చెక్కేశారు. పిన్ని ఊరుకునే రకం కాదు. నలుగురిలో నిలబడి "మీ ఇంట్లో పొయ్యి వెలగదు, చూస్తూ ఉండండి" అంది. కోపంలో ఎవరైనా అనేదే. తర్వాత తనే తగ్గి, మాటలు కలుపుకుందామని పచ్చడి పట్టుకెళ్లింది. ఇప్పుడా మాటా ఈ పచ్చడీ కలిపి ఊరంతా ఒక్కటే లెక్క వేసుకుంది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఫోన్ పెట్టేశాక నాకూ అనుమానం వచ్చింది. పిన్ని కోపం నాకు తెలుసు. పురుగుమందు డబ్బాలు వాళ్ల కొట్టంలోనే ఉంటాయి. మా వైపు ఏ రైతు కొట్టంలో ఉండవు గనక?

ముందు ఆసుపత్రికే వెళ్లాను. ధైర్యం ఉండి కాదు. ఇంట్లో కూర్చుంటే భయం ఇంకా ఎక్కువైంది.

ఆ అమ్మాయి చేతుల్ని గుడ్డపీలికలతో మంచానికి వదులుగా కట్టారు. కట్టినా వేళ్లు ఆగడం లేదు. గాలిలో ఏదో పట్టుకుని, తుంచి, పక్కన వేస్తోంది. మళ్ళీ పట్టుకుని తుంచుతోంది. మిరపకాయలు కోస్తోంది. ఎదురుగా చెట్టు లేదు, కాయ లేదు. ఆ వేళ్లు చూస్తుంటే నా వీపు మీద నీళ్లు పోసినట్టయింది. పెదాలు ఎండి పగిలిపోయాయి. కళ్లు ఇంతింతై, నల్లగుడ్డు తప్ప ఏమీ కనిపించడం లేదు. "దాహం, దాహం" అంటోంది.

పక్కనే కూర్చున్న ఆమె మొగుడు నన్ను గుర్తుపట్టాడు. "ఇంకేం చూద్దామనొచ్చావక్కా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

వెనక్కి తిరిగి వచ్చేయబోయాను. కానీ ఏదో సరిపోవడం లేదు. పత్తీ మిరపా పండే ఈ నేల మీద పుట్టినవాళ్లకి పురుగుమందు తాగిన మనిషి ఎలా ఉంటాడో ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మా వీధిలోనే చూశాను. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, కళ్లలో నల్లగుడ్డు ఆవగింజంత. గది గదంతా ఆ మందు కంపు. ఈ పిల్లకి నోట్లో తడే లేదు. చర్మం పొడిగా కాలిపోతోంది. వాసనేమీ లేదు.

వరండాలో డ్యూటీ డాక్టరమ్మను పట్టుకుని, ఇది పురుగుమందు కాదేమోనని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నాకూ అదే అనుమానం. ఊళ్లో పురుగుమందుకిచ్చే ఇంజక్షన్ ఇచ్చి పంపారు, దాంతో ఇంకా ముదిరింది. అసలేం కడుపులోకి వెళ్లిందో తెలిస్తే సరైన విరుగుడు ఇస్తాం. ఇంట్లోవాళ్లేమో పచ్చడి అనే ఒకటే మాట. మీరు ఊరు వెళ్తున్నారా? అయితే ఆ వంటింట్లో ఏముందో చూసి ఫోన్ చెయ్యండి. తొందరగా," అంది.

ఆ తొందరగా అన్న మాటతో నా భయం రెండింతలయింది. అప్పటిదాకా పిన్ని పేరొక్కటే అనుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల ప్రాణం కూడా నా నెత్తిన పడింది.

పిన్ని ఊళ్లో ఆటో దిగి వీధిలో నడుస్తుంటే ఒక్కళ్లూ పలకరించలేదు. ప్రతి ఇంటి ముందూ పెంట మీద ఎర్రగా పచ్చడి కుప్పలు. పిన్ని ఇచ్చింది ఇచ్చినట్టు పారబోశారు. కోళ్లు మాత్రం నింపాదిగా ఏరుకు తింటున్నాయి, వాటికి ఏ రోగమూ రాలేదు. ఊళ్లో పిన్ని మీద నమ్మకం ఉన్నది ఆ కోళ్లకేనేమో అనిపించింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది. "మందు కలిపావా అని నువ్వు కూడా అడుగుతావా?" అంది నన్ను చూడగానే.

"అడగను. నాకో సంగతి చెప్పు. వాళ్లకి ఇచ్చిందీ నాకిచ్చిందీ ఒక జాడీలోదేనా?"

"ఒకటే జాడీ. తొక్కింది తొక్కినట్టు పెట్టా. మెంతిపిండీ తాలింపూ ఎవరింట్లో వాళ్లే వేసుకుంటారు కదా, అది కూడా నేనే వెయ్యాలా?"

ఆ మాట దగ్గరే నా బుర్ర వెలిగింది. కొరివికారం అంతే. జాడీలో ఉండేది ఉత్త కాయ తొక్కు. తినే రోజు ఇంత తీసుకుని, వెల్లుల్లి వేసి నూరి, నూనెలో తాలింపు పెట్టుకుంటారు. నేనే బద్ధకంతో నెయ్యేసుకుని తినేశాను. వారంగా తింటున్నాను, బతికే ఉన్నాను. వీధిలో అందరూ తిన్నారు. అంటే తేడా ఎక్కడైనా ఉంటే ఆ ఇంటి తాలింపులోనే ఉండాలి.

"ఆ ఇంటికెళ్లకు. నిన్ను కూడా ఏమన్నా అంటుంది," అని పిన్ని చెయ్యి పట్టుకుంది. వెళ్లకుండా ఉండడానికి నాకా ఒక్క మాట చాలు నిజానికి. అయినా వెళ్లాను.

ఆ పిల్ల అత్తగారు, పెద్దావిడ, వంటింటి గడపలో గోడకి జారబడి ఉంది. నన్ను చూసి "ఏ ముఖం పెట్టుకుని వచ్చావే? మీ పిన్ని పంపిందా, చచ్చిందో లేదో కనుక్కు రమ్మని?" అని లేచింది. ఆవిడ గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుంది.

"డాక్టరమ్మ పంపింది పెద్దమ్మా. నిన్న అమ్మాయి ఏం వండిందో, ఏం నూనె వేసిందో చూసి ఫోన్ చెయ్యమంది. లేకపోతే దక్కదంది," అన్నాను. దక్కదన్న మాట డాక్టరమ్మ అనలేదు, నేనే కల్పించాను. అది విని పెద్దావిడ పక్కకి జరిగింది.

పొయ్యి మీద చిన్న మూకుడు నిన్నటి నుంచీ అలాగే ఉంది. అడుగున మాడిన వెల్లుల్లీ, కాస్త నూనె. ఆ నూనె ముదురాకుపచ్చ రంగులో ఉంది. వేలితో తాకి వాసన చూశాను. పసరు వాసన. నూనె డబ్బా మూత తీస్తే ఖాళీ. పొయ్యి పక్కన గూట్లో పాత కూల్‌డ్రింక్ సీసా ఉంది, అందులో సగానికి అదే ఆకుపచ్చ నూనె. మన ఇళ్లలో నూనె పాకెట్ కత్తిరించి పోసుకునేది కూడా ఇలాంటి సీసాల్లోనే.

"ఇదేంటి పెద్దమ్మా?"

"అది తినేది కాదు. నా మోకాళ్లకి. ఉమ్మెత్తాకు నువ్వుల నూనెలో కాచుకున్నా. రుద్దుకునే ముందు వెచ్చబెట్టుకోవాలని ఇక్కడ..."

ఉమ్మెత్త కడుపులోకి పోతే పిచ్చెక్కిస్తుందని పల్లెలో ఎవరికి తెలీదు? మిరపకోతల రోజుల్లో నడుమూ మోకాళ్లూ పట్టేసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి సీసాలుండడం కొత్తేమీ కాదు. కోడలు పొద్దుటి నుంచీ కల్లంలో కాయలు తిరగేసి ఆకలితో వచ్చింది. డబ్బాలో నూనె లేదు, చేతికందిన సీసా వంచింది. మిరప ఘాటుకి మొద్దుబారిన ముక్కుకి పసరు వాసనేం తెలుస్తుంది? పెద్దావిడకి కడుపులో పుండు, కారం ముట్టదు. కొడుకు మిర్చి యార్డుకి వెళ్లాడు. తిన్నది ఆ పిల్ల ఒక్కతే.

పెద్దావిడ నా చేతిలోంచి సీసా లాక్కుంది. వంటింటి మూల తూము ఉంది. ఆవిడ తూమును చూసింది, నేను ఆవిడను చూశాను. ఇంట్లో మేమిద్దరమే. ఆ నూనె తూములోకి పోతే మా పిన్ని బతుకు కూడా దాంతోనే పోయినట్టు. లాక్కోవాలంటే నా చేతులు రావడం లేదు. నా జన్మలో అంత భయపడింది లేదు.

"పొయ్యండి పెద్దమ్మా, పోసేస్తే ఎవరికీ తెలీదు. కానీ డాక్టరమ్మకి తెలీకపోతే ఆ పిల్ల అలా గాల్లో కాయలు కోస్తూనే పోతుంది," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

ఆవిడ సీసా నా చేతిలో పెట్టి నేల మీద కూలబడింది. "నేనేనా? నా కోడల్ని నేనేనా?" అని అడుగుతూనే ఉంది. నేను ఫోన్ చేశాను. అవతల డాక్టరమ్మ ఉమ్మెత్త అన్న మాట వినగానే "అదీ సంగతి" అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం స్టేషనుకి పిన్నితో నేనూ వెళ్లాను. మా వెనకే పెద్దావిడ వచ్చింది. ఎవరూ పిలవలేదు. వచ్చి, నా చేతిలోని సీసా తీసుకుని బల్ల మీద పెట్టి, "ఈవిడ తప్పేం లేదండి, నా నూనె," అంది. ఆవిణ్ణి కూడా ఏమైనా చేస్తారేమోనని పిన్ని నా వేళ్లు నలిపేసింది. పొద్దుటి నుంచీ తనను తిట్టినావిడ కోసం! పొరపాటున జరిగిందని రాసుకుని అందర్నీ పంపేశారు. రెండు రోజులకి ఆ పిల్ల మొగుణ్ణి గుర్తుపట్టిందని తెలిశాక నేను మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

ఇక ఊరి భయం తీరిందనే అనుకున్నాను. మరుసటేడు పండుకాయ రాగానే పిన్ని మళ్ళీ తొక్కింది. పంచడానికి తోడు రమ్మంటే వెళ్లాను. మొదటి గుమ్మంలో గిన్నె దించి, మూత తీసి, వేలితో ఇంత తీసుకుని వాళ్ల కళ్లముందే నోట్లో పెట్టుకుంది. మింగింది. కళ్లు తుడుచుకుని అప్పుడు గిన్నె ఇచ్చింది. రెండో ఇంట్లోనూ అంతే. తినమని ఎవరూ అడగలేదు, అక్కర్లేదని ఎవరూ అనలేదు. తినేదాకా గుమ్మంలోనే నిలబడి చూశారు. వీధిలో నా కోపం అణుచుకోలేక "నీకేం ఖర్మ పిన్నీ?" అన్నాను. పిన్ని తర్వాతి గుమ్మం వైపు నడిచింది.

చివరికి పక్కింటికి వెళ్లాం. ఆ కోడలే ఎదురొచ్చింది. పిన్ని వేలు గిన్నెలో పెట్టగానే ఆ చెయ్యి పట్టుకుని, "నా ముందు కూడానా చిన్నత్తయ్యా?" అంది.

పిన్ని నెమ్మదిగా చెయ్యి విడిపించుకుంది. పచ్చడి తిని, గిన్నె ఆ పిల్ల చేతికిచ్చింది.