డబ్బా మీది పుర్రె బొమ్మ

ఎనభైల నాటి మాట. తెనాలి దాటిన రేపల్లె పాసింజరులో, ఎదుటి పెద్దాయన కాళ్ళ దగ్గరున్న డబ్బా కారింది. దాని మీద పురుగుమందులకుండే పుర్రె బొమ్మ ఉంది. నేను చూసేలోపే మా పాప ఆ తడిలో చెయ్యిపెట్టి నోట్లో పెట్టుకుంది. కేక పెట్టాను.

ఆయన గబుక్కున వంగి, ఆ తడినే వేలితో అద్దుకుని నాకాడు. “భయపడకమ్మా, ఇది వేపగింజల కషాయం. చేదే గాని విషం కాదు. పాప నోరు కడిగెయ్యి.”

పాప ఉమ్ముతూ ఏడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటే కోపమూ వచ్చింది. “మరి ఆ బొమ్మెందుకండి బాబాయిగారూ?”

“నేనే గీశానమ్మా. అది లేకపోతే మా ఊళ్ళో ఎవరూ దీన్ని చేలో కొట్టరు. మనిషిని చంపనిది పురుగునేం చంపుద్దంటారు.”

ఆ రోజు పాప ఏడుపు విన్నంత హాయిగా నేను ఏ పాటా వినలేదు.