అత్తమ్మకు పెట్టిన పథ్యం

మా అత్తమ్మ పోయింది. గోదారి తగ్గి భద్రాచలం బస్సులు మళ్లీ మొదలైన రోజు పొద్దున్నే, ఇంట్లో, తన మంచం మీదే పోయింది. కడుపులో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకిందని దవాఖానాలో చెప్పి ఐదు నెలలయింది. పోతుందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున పొయ్యి మీద ఆమె కోసం జావ పెట్టాను.

కబురు విని ముందుగా వచ్చింది చుట్టాలు కాదు. ఆమె ఇరవై ఏళ్లకు పైగా వంట చేసిన ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నవాళ్లు. ఇల్లందు బొగ్గు గనిలో పనిచేసే ఒకాయన మంచం పక్కన నిలబడి, ఎముకలు తేలిన ఆ మనిషిని చాలాసేపు చూశాడు. "ఏంది టీచర్, మా వంటమ్మ గిట్లయింది? తిండి తినకపోయేదా?" అని నన్ను అడిగాడు. తినకపోవడం కాదు, నేనే పెట్టలేదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్తమ్మ కూర దించే ముందు తాను రుచి చూసేది కాదు. దగ్గర్లో ఎవరుంటే వాళ్లను పిలిచి, ఎడమ అరచేతిలో రెండు చుక్కలు వేసి, "ఉప్పు సూడు బిడ్డా" అనేది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు చేతిలోనూ వేసిందట. ఆయన పాపం నాకాలో తుడుచుకోవాలో తెలియక జేబులోంచి రుమాలు తీశాడట. "వండినోళ్ల నాలుకకు ఉప్పు తెల్వది. తినేటోళ్ల నాలుక జెప్పాలె" అనేది ఆమె.

నేను ముదిగొండ నుంచి కొత్త కోడలిగా వచ్చిన మొదటి రోజే నా అరచేతిలోనూ పులుసు చుక్కలు పడ్డాయి. ఉప్పు బాగా తక్కువైంది. అత్తగారితో అదెలా చెప్తాం? "సరిపోయింది అత్తమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "కోడలు పిల్ల మొదటి దినమే అబద్ధమాడుతున్నది" అని నవ్వి, ఇంకింత ఉప్పు వేసింది.

ఆ ఏడాదే నాకు కామెర్లు వచ్చాయి. అడవి అవతలి ఊళ్లో ఆకు పసరు పోయించుకొచ్చారు. నలభై రోజులు ఉప్పు లేదు, నూనె లేదు, పులుపు లేదు. నేను మామిడికాయ తొక్కు జాడీ మీద కన్నేశానని తెలిసి అత్తమ్మ దాన్ని అటక ఎక్కించింది. నిచ్చెనను పక్కింట్లో పెట్టి వచ్చింది. ఇంతా చేసి, ఆ నలభై రోజులూ తానూ నాతోపాటు చప్పిడి కూడే తిన్నది. బడి హాస్టల్లో అందరికీ కమ్మగా వండి పెట్టి, ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని ఉప్పులేని పప్పు కలుపుకునేది. నాకు తగ్గింది. పథ్యం వల్ల తగ్గిందో, దానంతట అదే తగ్గిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని నేను. అయినా అత్తమ్మే బతికించిందని నమ్మాను.

కాబట్టి ఆమెకు జబ్బని తెలిసినప్పుడు నాకు తోచింది ఒక్కటే. జబ్బు పూర్తిగా పోదని, మందులతో కొన్నాళ్లు నెమ్మదించొచ్చని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. సెలైన్ సీసా నా చేతిలో లేదు. రిపోర్టుల్లో సగం మాటలు నాకు అర్థం కావు. వంటిల్లు ఒక్కటే నా చేతిలో ఉంది. ఫోన్లో ఎవరెవరో పంపిన వీడియోలన్నీ చూశాను. చక్కెర క్యాన్సర్ గడ్డకు మేత అన్నారు. ఉప్పు విషమన్నారు. అన్నం వద్దు, పాలు వద్దు, గుడ్డు అసలే వద్దన్నారు. అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఉప్పులేని రాగి జావ, ఉడకబెట్టిన సొరకాయ, గోధుమ గడ్డి రసం. నేనూ అదే తిన్నాను, ఆమె నాతో తిన్నట్టే.

మొదట్లో ఆమెకు ఆకలి బాగానే ఉండేది. "ఇంత పచ్చిపులుసు జెయ్యరాదు బిడ్డా, నోరు సచ్చిపోయింది" అని అడిగింది. రెండు రోజులకోసారి అడిగేది. "తగ్గినంక జేస్త అత్తమ్మా. అప్పుడు నాకు నువ్వు పెట్టలేదా పథ్యం?" అన్నాను ఒకరోజు. "అవ్, పెట్టిన" అన్నది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. నేను గెలిచాననుకున్నాను. మా ఆయన ఉండబట్టలేక, "అమ్మ చిక్కిపోతున్నది, కొంచెమన్న పెట్టు" అంటే, "మీ అమ్మ బతకాలనుందా లేదా?" అని ఆయన మీద ఇంతెత్తున లేచాను.

నాలుగు నెలలయ్యాక దవాఖానాలో ఆమెను తూకం వేసి, ఈ ఒంటితో కీమో తట్టుకోలేదని వాయిదా వేశారు. తిండి సంగతి చూసే అమ్మాయి దగ్గరికి పంపారు. మా పాత విద్యార్థుల ఈడు ఉంటుంది. ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగితే, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నా జాబితా అంతా గర్వంగా చదివాను. ఆమె రాయడం ఆపేసింది.

"చక్కెర, ఉప్పు బంద్ చేస్తే గడ్డ ఎండిపోదు మేడమ్, మనిషి ఎండిపోతది" అన్నది మెల్లగా. "తిండితోని ఈ జబ్బు పోదు. కానీ ఒంట్ల బలముంటేనే మందును తట్టుకోగలుగుతది. గుడ్డు, పెరుగు, పప్పు, నెయ్యి పెట్టండి. ఒక్కసారే కాదు, కొంచెం కొంచెం మాటిమాటికి. నోటికి ఏది హితవైతే అది." తర్వాత అత్తమ్మ వైపు వంగి, "అమ్మా, నీకేం తినబుద్ధయితున్నది?" అని అడిగింది.

అత్తమ్మ నా వైపు చూసింది. ఊరంతటికీ అన్నం పెట్టిన మనిషి, తిండి కోసం నా అనుమతి అడుగుతున్నట్టు చూసింది. "మా కోడలు ఏది పెడితే గదే" అన్నది. నాకు ఆ కుర్చీలో కూర్చోవడం కష్టమైంది.

ఆ రోజు నుంచి గుడ్డు పెట్టాను, పెరుగన్నం పెట్టాను, నెయ్యి వేసి పప్పు మెత్తగా కలిపి పెట్టాను. పది రోజులు కొంచెం కొంచెం తిన్నది. ఆ తర్వాత ఏదీ లోపల నిలవలేదు. నా పథ్యం వల్లే ఇట్లయిందా అని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. జబ్బు అప్పటికే ముదిరిందని, నన్ను నేను తిట్టుకోవద్దని చెప్పింది. మంచి పిల్ల. జబ్బు సంగతి ఆమె చెప్పినట్టే కావచ్చు. ఆకలి ఉన్న ఆ నాలుగు నెలలు మాత్రం జబ్బు తీసుకోలేదు, నేనే తీసుకున్నాను.

పోయే ముందు రోజు మధ్యాహ్నం పచ్చిపులుసు చేశాను. చింతపండు పిసికి, మిరపకాయ ఒక్కటే కాల్చి నలిపి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేశాను. అప్పటికి ఆమెకు గుటక పడటం లేదు. ఎడమ అరచేయి తెరిచి రెండు చుక్కలు వేసి, "ఉప్పు సూడు అత్తమ్మా" అన్నాను. చేయి లేవలేదు. నేనే వేలు ముంచి నాలుకకు అద్దాను. కళ్లు తెరిచి నా మొహంలోకి చూసింది.

"సరిపోయింది బిడ్డా" అన్నది.

అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆమె కళ్లు మూసుకున్నాక, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. అందులో ఉప్పు లేదు. నెలల తరబడి చప్పిడి వండిన చేయి ఉప్పు డబ్బా వైపు వెళ్లనే లేదు.

పరుగున ఇంత ఉప్పు కలిపి తెచ్చాను. అత్తమ్మ నిద్రపోయింది. తెరిచిన అరచేతిలో ఆ రెండు చుక్కలూ అట్లాగే ఉన్నాయి.