కంచరగాడిదల దగ్గర ఓరిన్

మార్లిస్ పదహారో ఏట బడి మానేసి బఠానీల ఫ్యాక్టరీలో చేరింది. కదిలే పట్టా మీద వచ్చే గింజల్లోంచి పుచ్చులూ మట్టిబెడ్డలూ ఏరడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే పని. అమ్మానాన్నా పోయాక తమ్ముడు ఓరిన్‌ని ఆమే పెంచింది. అక్కాతమ్ముళ్లకు ఉన్న సరదా ఒక్కటే, ఆదివారం ఆట.

చర్చి నుంచి వచ్చి భోంచేశాక వెర్లిన్ బాబాయి ఇంటి నేలమాళిగలో బల్ల చుట్టూ చేరేవాళ్లు. బాబాయి కథ చెబుతాడు. తక్కినవాళ్లు తలా ఒక సాహసి అయి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. జయమో అపజయమో పాచికలు తేలుస్తాయి. ప్రతి సాహసికీ ఒక కాగితం ఉంటుంది. సాహసి చస్తే బాబాయి దాన్ని చింపేస్తాడు. గుహల్లో బంగారం దొరికినా బరువని వదిలేసి కెంపులూ పచ్చలూ నీలాలే తెచ్చుకునేవాళ్లు. ఆర్డిస్ పిన్ని తెగిపోయిన దండల గాజుపూసలే ఆ రాళ్లు.

బాబాయి పెట్టిన కట్టుబాట్లు కొన్నున్నాయి. ఎవరైనా ఆటకు రాకపోతే వాళ్ల సాహసి గుహ బయట కంచరగాడిదలకు కాపలా ఉన్నట్టు. అతనికి ఏ హానీ జరగదు. ఒకరి సాహసి తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు. బల్ల దగ్గర అన్న మాట వెనక్కి పోదు. ఇందులో కిటుకు కనిపెట్టినవాడు ఓరిన్ స్నేహితుడు డెల్మర్. గుహలోకి దిగేముందు రాళ్లన్నీ రానివాడికి అప్పగిస్తే అవి భద్రం.

మొన్న మార్చిలో ఒక ఆదివారం ఓరిన్ ఆలస్యం చేశాడు. మార్లిస్ వాడికి ఫోన్ చేసి, "తొందరగా రారా, లేకపోతే ఇవాళ కూడా నీకు గాడిదలే గతి" అని నవ్వింది. వాడు చుట్టుదారి వదిలేసి, గడ్డకట్టిన సరస్సు మీదుగా మంచుబండి తోలాడు. మంచు అప్పటికే పలచబడింది. మర్నాడు నీళ్లలోకి కొక్కేలు వేసి శవాన్ని తీశారు. ఫోన్ సంగతి మార్లిస్ ఎవరికీ చెప్పలేదు.

మే నెలలో ఆట మళ్లీ మొదలైంది. ఓరిన్ కుర్చీ తీయలేదు. "ఓరిన్ దగ్గర పెట్టండి" అంటూ గెలిచిన పూసలన్నీ ఆ కుర్చీ ముందున్న కాఫీ కప్పులో వేస్తూ వచ్చారు. వాడి కాగితం మార్లిస్ తన బైబిల్లో దాచుకుని ప్రతి ఆదివారం తెచ్చేది. నవంబరు నాటికి కప్పు నిండింది.

అప్పుడే డెల్మర్ సాహసి ఓస్రిక్, ఆటలో ఒక కొండరాజు చేతికి చిక్కాడు.

"పొద్దు కుంకేలోపు రాళ్లన్నీ ముట్టాలి. లేకపోతే తల ఎగిరిపోతుంది" అన్నాడు బాబాయి.

"ఓరిన్ దగ్గర ఉన్నాయిగా, తీస్తా" అన్నాడు డెల్మర్.

"ఓరిన్ ఇస్తానంటే తీసుకో."

సాసేజ్ పళ్లెం దించుతున్న పిన్ని, "మీ కట్టుబాట్లు మండ! పూసలు నావి. నేనిస్తున్నా, తీసుకోరా డెల్మర్" అంది.

"నువ్వూరుకో. ఇదేం వంటిల్లు కాదు" అన్నాడు బాబాయి.

"అవునులే. వంటింట్లో అయితే బుద్ధున్నవాళ్లుంటారు."

డెల్మర్ నవ్వలేదు. అతను పనిచేసే కాగితం మిల్లు వేసవిలో మూతపడింది. పెళ్లాం పుట్టింటికి పోయింది. ఓస్రిక్ ఎనిమిదేళ్లుగా బతికున్నాడు.

"మార్లీ, వాడి కాగితం నీ దగ్గరుంది. వాడి సాహసి పోయాడని నువ్వంటే బాబాయి ఒప్పుకుంటాడు. పోయినవాడి రాళ్లు మిగిలినవాళ్లవి. జ్వరమొచ్చిందను, చాలు. నాకు మిగిలింది వీడొక్కడే."

మార్లిస్ కాగితం విప్పింది. పెన్సిల్ రాత, చెరిపి మళ్లీ రాసిన అంకెలు. అంత్యక్రియలనాడు కూడా ఆమె నోట ఆ మాట రాలేదు.

"పోయాడు" అంది.

"ఎలా?" బాబాయి పెన్సిల్ అందుకున్నాడు.

జ్వరం అనే అందామనుకుంది. "గుహ దగ్గర్నించి వాణ్ని పిలిచారు, తొందరగా రమ్మని. చుట్టుదారి దూరం. గాడిదల్ని తోలుకుని సరస్సు మీదుగా బయల్దేరాడు."

"మార్లీ, జ్వరం" అన్నాడు డెల్మర్.

"మంచు విరిగింది."

బాబాయి పెన్సిల్ ఆగింది. "రాళ్లు వాడి దగ్గరే ఉన్నాయామ్మా?" అని అడిగాడు. లేవు, గట్టునే దాచాడు అంటే సరిపోయేది. బాబాయి అందుకే అడిగాడని ఆమెకు తెలుసు. కానీ కళ్ల ముందు ఆనాడు ఒడ్డున నీళ్లోడుతున్న ఓరిన్ కోటు కనిపించింది. దాని గుండీలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఉన్నాయి. అన్నీ కోటులోనే ఉన్నాయి."

డెల్మర్ వంగి ఆమె మొహంలోకి చూశాడు. "ఎవరు పిలిచారు?"

"నేనే. పైన వంటింటి ఫోన్లోంచి."

పిన్ని మెట్టు మీద కూలబడింది. మార్లిస్ కాగితాన్ని బాబాయి ముందుకు జరిపింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆయన దాన్ని చింపాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "పొద్దు కుంకింది" అన్నాడు. డెల్మర్ తన కాగితం తనే చింపేసి, లేచి కోటు తొడుక్కున్నాడు.

"కోపం వచ్చిందా?" అని అడిగింది మార్లిస్.

"ముందురోజు రాత్రి బార్లో వాడు నన్ను అడిగాడు, మంచు ఆగుతుందా అని. ట్రక్కు తోలినా ఆగుతుందన్నాను. చూసి చెప్పలేదు, తాగి చెప్పాను." అతను కోటు గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. "ఎనిమిది నెలల్నించి నేనొక్కణ్నే చంపాననుకుంటున్నా. నువ్వు పిలిచిన సంగతి ఇన్నాళ్లూ నోరు మెదిపి చెప్పలేదు."

"నువ్వూ చెప్పలేదు కదా."

"లేదు. చెప్పలేదు."

అతను మెట్లెక్కాడు. పిన్ని గోడవారకు జరిగి దారి ఇచ్చింది.