పెద్దమ్మ అల్పాహారము

యాసల పరిశోధన కోసం మా పోచంపల్లిలో ఎవరి గొంతు, ఎక్కడ, ఏ వేళ రికార్డు చేయాలన్నది మా ఇంట్లోనే తేల్చారు. మగ్గం చప్పుడు పడకూడదంది పట్నం నుంచి వచ్చిన మేడం. మా వాడంతా మగ్గాలే. ఆపమంటే మమ్మల్నే పడుగులో కలిపి నేసేస్తారు. అందుకని అందరూ అన్నాలకు లేచే వేళ ఖరారు చేసి, వెనకగది గోడలకు బొంతలు కట్టాం. అందులో దోమ తుమ్మినా పిడుగే.

ముందుగా ఒకరిని మాట్లాడించి చూద్దామంటే మా పెద్దమ్మను పిలిచాను. ఆమె కేకేస్తే దేవరకొండ కోట రాళ్లు కూడా "ఆ, వస్తున్నం" అంటాయి. కానీ చుట్టాలొస్తే చాలు, కోస్తా నుంచి వచ్చిన కోడలు "అత్తయ్యా, మీరు మాట్లాడకండి, నవ్వుతారు" అని ఆమె నోరు కుట్టేసేది.

"నా గొంతు గా మిషిన్ల పెడితే కోడలు ఇంటదారా?" అనడిగింది పెద్దమ్మ.

"చెవుల దూది పెట్టుకున్నా ఇంటది."

పట్టుచీర కట్టుకొని వచ్చి కూర్చుంది. పొద్దున లేచి ఏం చేస్తారో చెప్పమంది మేడం. పెద్దమ్మ గొంతు సవరించింది.

"నమస్కారం. ప్రాతఃకాలమున మేల్కొని, గృహమును శుభ్రపరచి, అల్పాహారమును స్వీకరించెదను."

సద్దన్నంలో ఉల్లిగడ్డ కొరుక్కునే మనిషి! టీవీ వార్తలు చూసి బట్టీ పట్టిందట. నేను నవ్విన నవ్వుకు ఒక బొంత ఊడిపడింది.

"ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండమ్మా."

"గట్లనే మాట్లాడుచున్నాను కదండీ."

మేడం మైకు ఆపేసింది. ఆమె ఎదుటే, పుచ్చిన వంకాయను పక్కన పెట్టినట్టు, "ఈమె పనికిరాదు. అసలు యాస లేదు" అంది.

"ఏమంటాందిరా?"

"నీకు మన మాట రాదంటున్నది, పెద్దమ్మా."

"నాకు రాదా! గా కోడలేమో నాకు గీ మాట తప్ప ఇంకోటి రాదంటది. మీరేమో గిదే రాదంటిరి. మీ నోట్ల మన్నువడ! ఇగ ఏ నోటితోని బతకాలెరా నేను?"

మేడం ఎగిరి గంతేసినంత పనిచేసింది. "అదే! అదే కావాలి! ఇంకొక్కసారి తిట్టండమ్మా, ఇట్లాగే!"

మైకు మీద ఎర్రదీపం వెలిగింది. పెద్దమ్మ కొంగు సర్దుకుంది.

"మీ నోటియందు మన్ను పడుగాక."

దీపం ఆరింది. తర్వాతి మనిషిని పిలవమంది మేడం.

గుమ్మం బయట కోడలు నిలబడి ఉంది. "మీ గొంతు తీసుకున్నారా అత్తయ్యా?"

అప్పుడే వాడలో అన్నాలు ముగిశాయి. మగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలై, పెద్దమ్మకు నోరు తెరిచే అవసరం తప్పించాయి.