రెండో సూది కోసం ఐరాల నుంచి తిరుపతికి

పోయిన వానాకాలంలో మా తమ్ముడు డెంగీతో పోయాడు. ఐదు రోజుల జ్వరం, అంతే. తిరుపతిలో ఒక ఆసుపత్రివాళ్లు కొత్త డెంగీ టీకాను మనుషుల మీద పరీక్షిస్తున్నారని తెలియగానే పేరిచ్చాను. ఒక్కదాన్నే పోలేక పక్కింటి మునెమ్మక్కనూ లాక్కెళ్లాను. ఆమె చెరకు తోటల్లో కూలికి పోతుంది. మాలో కొందరికి అసలు టీకా, కొందరికి మందు లేని సూది వేస్తారు. ఎవరికేది పడిందో వేసిన నర్సుకూ తెలియదు. సూది తర్వాత వారం రోజులు సాయంత్రాలు జ్వరం చూసుకుని, ఏ బాధ ఉన్నా కార్డులో రాయాలి. అక్కకు అంకెలు తప్ప చదువు రాదు కాబట్టి ఆమె చెప్పింది నేనే రాశాను. మొన్న గురువారం రెండో సూదికి బయల్దేరాం. ఇలాంటి పరీక్షకు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఆరుకే ఐరాలలో ఆటో ఎక్కాం. కాణిపాకానికి మనిషికి నలభై. తొమ్మిదిన్నరలోపు ఆసుపత్రిలో ఉండాలి. నేను మాటిమాటికీ గడియారం చూస్తుంటే ఆటో అతను నవ్వాడు.

"ఏం టీచరమ్మా, కొండకా? దర్శనం టైము దాటిపోతాదా?"

"కొండకు గాదబ్బా, సూదికి" అంది అక్క.

"సూదికి తిరపతి దాకానా? ఈడ ఆస్పత్రి లేదా?" అని అతను వెనక్కి తిరిగి మరీ చూశాడు.

కాణిపాకంలో ఆరున్నర దాటాక తిరుపతి బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. పూతలపట్టు, పాకాల మీదుగా రెండు గంటల ప్రయాణం. పాకాల దాటాక అక్క మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, ఈ తూరి గూడా జరం వస్తాదంటావా?"

"ఈ తూరి కూడా ఏంటక్కా?"

అప్పుడు బయటపడింది. మొదటి సూది తర్వాత ఆమెకు మూడు రోజులు జ్వరం కాసింది, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నాకు మాత్రం గోడ మీంచి "తొంబై ఎనిమిది, ఏం లేదు, రాసుకో" అని చెప్పింది.

"ఎందుకక్కా అట్లా చెప్పినావు?"

"మొదటి సూదప్పుడు ఆ ఆస్పత్రి డాక్టరమ్మ కుర్సీ ఏసి కూసోబెట్టి, టిఫిన్ పెట్టించి, అక్కా అని పిలిసినాది. ఆయమ్మ మందుకు నేను వంక పెట్టేదా? ఎవురింట్లోనన్నా తిని, కూర బాగలేదంటామా?"

ఆమెకు మళ్లీ అదే సూది వేస్తే ఏమవుతుందో? అబద్ధమేమో నా చేతిరాతలో ఉంది. చెబితే అక్క చిన్నబోతుంది, టీకాకు మచ్చ పడుతుంది. నిజం ఒప్పుకోవాలంటే, ఆ రెండోదే నన్ను ఎక్కువ పీడించింది. ఈ టీకా గెలవాలి, నా తమ్ముణ్ణి తిన్న జబ్బుకు మందు రావాలి. చంద్రగిరి ఎప్పుడు దాటామో కూడా చూడలేదు.

ఎనిమిదిన్నరకు బస్టాండులో దిగి, పక్క హోటల్లో పొంగల్ తీసుకున్నాం, ప్లేటు యాభై. అడుగంటిన వాసన. నేను కెలుకుతూ కూర్చుంటే వంటమనిషి గరిటెతోనే వచ్చాడు.

"ఏం మేడమ్, బాగలేదా?"

"లేదప్పా, బాగుండాది" అన్నాను టక్కున.

అక్క నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని నేరుగా ఆసుపత్రికి నడిచాను.

డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు, కానీ ముఖం వాడిపోయింది. "ముందు ఎలుకల మీద పరీక్షిస్తాం, వాటికి మొహమాటం ఉండదమ్మా, అక్కడిదాకా మాకు సులువే. డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒకదాన్ని ఆపే టీకా, ఇంకో రకం సోకినప్పుడు జబ్బును ముదిరించే ప్రమాదం ఉంది. అందుకే ఇన్నేళ్లు పడుతోంది. మీరు జ్వరం దాస్తే మేం కళ్లు మూసుకుని నడుస్తున్నట్టే." అక్కకు రక్తం తీశారు, సూది ఆపేశారు. తప్పు రాసిన చోట చెరపకుండా ఒక్క గీత కొట్టి, తేదీ వేసి సంతకం చేయమన్నారు.

"మరి మీకేం ఇబ్బంది లేదు కదా?" అని నావైపు తిరిగింది.

"ఏం లేదు మేడమ్."

"ఏం లేదా?" అక్క లేచి నిలబడింది. "రెండు దినాలు తలకు గుడ్డ కట్టుకోని పండుకోలేదా నువ్వు? కీళ్లు పీకతా ఉండాయని ఇస్కూలికి గూడా పోలేదే!"

నిజమే. అది బడిపని అలసట అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కార్డులో అన్నీ సున్నాలు పెట్టాను. నా కార్డు మీద కూడా గీత కొట్టాను. డాక్టరమ్మ పరీక్షించి, పర్లేదని నాకు సూది వేయించింది.

తిరుగు బస్సులో అక్క హాయిగా నిద్రపోయింది. నాకు కుదురు లేదు, ఇప్పటికీ లేదు. తమ్ముడి కోసమే ఈ టీకా గెలవాలనుకున్నాను. నా అబద్ధంతో గెలిచి ఉంటే రేపు అది ఇంకెవరి తమ్ముడికో వేసేవాళ్లు. మీరూ ఇలాంటి పరీక్షకు పేరిస్తే కార్డు ఏ రోజుకారోజు పెన్నుతో నింపండి. వెంట పక్కింటివాళ్లను తీసుకెళ్లండి, మనం మంచానపడ్డ సంగతి వాళ్లు మర్చిపోరు.