తెల్ల పీలిక

పొద్దున్నే అంట్లు తోముకుంటూ చూసుకుంటే నా గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఇంకా వదల్లేదు. వదలకపోతే పోనీ, ఇన్నేళ్ళకి ఆ ఎరుపు చూసుకుని నా కడుపు నిండింది.

మీలో సినిమా బట్టల పని చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అద్దకమంతా మా చేతుల మీదే జరిగేది. కృష్ణానగర్‌లో ఓ రేకుల షెడ్డు, పొయ్యి మీద డేగిసా, ఆ ఆవిర్లో నేను. రంగు వేసిన ప్రతి బట్ట నుంచీ ఓ ముక్క కత్తిరించి, దానికి తెల్ల పీలిక కుట్టి, వేడి సబ్బునీళ్ళలో బాగా పిసికి ఆరేసేదాన్ని. పీలిక తెల్లగా ఉంటే బట్ట షూటింగుకి వెళ్ళేది, రంగు అంటితే ఉప్పు వేసి మళ్ళీ ఉడకబెట్టాల్సిందే.

ఓ వాన పాట కోసం హీరోయిన్‌కి ఎర్ర లంగా అద్దినప్పుడు పీలిక గులాబీ రంగుకి తిరిగింది. "ఇది నిలువది సార్, జర ఇంకో పూట ఆగుండ్రి" అని మా కాస్ట్యూమర్‌గారికి పీలిక చూపించి మరీ మొత్తుకున్నాను. వింటేగా! లంగా కారులో వేయించుకుపోయాడు. ఇంకేముంది, వాన మొదలవగానే ఆ ఎరుపంతా హీరోగారి తెల్ల చొక్కాకి ఎక్కి షూటింగ్ ఆగిపోయింది. అప్పుడా మహానుభావుడు నన్ను నిర్మాత ముందు నిలబెట్టి, "ఈ మనిషి అసలు ఉతికి చూడలేదండీ" అన్నాడు. ఉతకలేదట! ఆ మాట అన్ని యూనిట్లకీ పాకి, మళ్ళీ నన్ను రంగు పనికి పిలిచిన నాథుడు లేడు. నేను రహమత్ నగర్‌లో జాకెట్లు కుట్టుకుంటూ బతికాను, ఆయనగారు జూబ్లీహిల్స్‌లో మేడ కట్టాడు.

నిన్న ఫిలింనగర్‌లో ఆయనకి సన్మానం. పాతవాళ్ళ చేత శాలువా కప్పించాలని నన్నూ పిలిస్తే, శాలువా నేనే తెస్తానన్నాను. ఉప్పు వేయలేదు, ఉడకబెట్టలేదు, ఎర్ర రంగు కలిపిన చన్నీళ్ళలో ముంచి ఆరేశాను. అలవాటు కొద్దీ అంచు నుంచి ఓ ముక్క తీసి, పీలిక కుట్టి ఉతికి చూస్తే, పీలిక చూడముచ్చటగా ఎర్రబడింది, అప్పటికి గాని నా మనసు కుదుటపడలేదు. వేదిక మీద తెల్ల లాల్చీలో మెరిసిపోతున్న ఆయనకి శాలువా కప్పి, పన్నీరు బుడ్డి అందుకుని చల్లాను, కాస్త ధారాళంగానే. ఫోటోలవాళ్ళు ముందుకొచ్చేసరికి మెడ నుంచి పొట్ట దాకా ఎర్ర చారలు!

"ఏంటిది? ఉతికి చూడలేదా నువ్వు?" అని అరిచాడు.

"చూసిన సార్," అని ఆ పీలిక ఆయన చేతిలో పెట్టాను. "మంచిగ రంగు పోతదని చూసినంకనే తెచ్చిన."

ఇప్పుడు బట్టల రంగులు కంప్యూటర్లోనే మార్చేస్తున్నారట. మా షెడ్డు ఉన్నచోట హాస్టల్ లేచింది, డేగిసా ఏమైందో తెలియదు. ఎటూ పోయే పనే అది, కాదనను. కానీ నా చేతిలోంచి మెల్లగా దానంతటదే జారిపోవలసిన పనిని ఆయన ముందే లాక్కున్నాడు. ఆ పని ఉండి ఉంటే ఈపాటికి ఇంకెన్ని రంగులు అద్దేదాన్నో! అందుకే ఈ గోళ్ళని ఇవాళ రుద్దబుద్ధి కావడం లేదు.